బీఎస్సీ అయ్యాక ఫిజియోథెరపీలో పీజీ చేయొచ్చా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాకు 19 ఏళ్ళు. ఇంటర్‌లో బైపీసీ. ఎంబీబీఎస్ సీటు రాక, ఖాళీగా ఉండటమెందుకని బీఎస్సీ జువాలజీ ఆనర్స్‌లో చేరాను. ఇప్పుడు రెండో సంవత్సరం. కిందటేడు సంక్రాంతి ముందు మా తాతయ్యకి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఒక ఫిజియో గారు రెండు నెలలు ఇంటికొచ్చి చేయించారు. ఇప్పుడు అమ్మా నేనూ ఎడమ రెక్క పట్టుకుని లేపితే లేచి, వాకిట్లో నాలుగడుగులు వేస్తున్నారు. అది చూశాక నేనూ థెరపిస్టునే అవ్వాలనిపించింది. డిగ్రీ అయ్యాక ఫిజియోథెరపీలోగానీ అలాంటి ఇంకో థెరపీలోగానీ పీజీ చేయాలంటే ఇప్పటినుంచే ఏం చదవాలి? కాకినాడలో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు బీఎస్సీ మీద విదేశాల్లో నేరుగా మాస్టర్స్ చేయొచ్చంటున్నారు. దానికోసం నాన్న ఎకరం కొబ్బరి తోట తాకట్టు పెడతానంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: అమ్మాయ్, నీ చదువు సంగతి ఒక్క నిమిషం పక్కన పెడదాం. ముందు తాతయ్య రెక్క వదలండి.

భుజం కీలు ఎలా ఉంటుందంటే, లోతులేని చిన్న పళ్ళెంలో కొబ్బరికాయ పెట్టినట్టు ఉంటుంది. కాయ జారిపోకుండా పట్టి ఉంచేది ముఖ్యంగా చుట్టూ ఉన్న కండరాలే. పక్షవాతం వచ్చిన చేతిలో అవి వదులైపోతాయి. చెయ్యి బరువుకే కాయ కిందికి జారుతూ ఉంటుంది. ఆ చేతినే పట్టుకుని మనిషినంతా పైకి లాగితే ఇవాళ కాకపోతే వచ్చే నెలకైనా భుజం నొప్పి పట్టుకుంటుంది. అప్పుడిక ఆయన ఆ చేతిని ఎవరినీ ముట్టుకోనివ్వరు. కోలుకోవాల్సిన చెయ్యి అలాగే బిగుసుకుపోతుంది.

ఇలా చేయండి. నులక మంచం మీంచి కాకుండా గట్టి కుర్చీలోంచో బల్ల మీంచో లేపండి. నులక కుంగుతుంది, దాని మీంచి లేవాలంటే నాకే నడుం పట్టేస్తుంది. పాత పంచె మడిచి ఆయన నడుముకి బెల్టులా కట్టు. నువ్వు ఎడమ పక్కన నిలబడి ఆ పంచె పట్టుకో. పాదాలు రెండూ కొంచెం వెనక్కి జరిపించు. “తాతయ్యా, ముక్కు కాలి బొటనవేళ్ళ మీదికి రావాలి” అని చెప్పి ముందుకి వంగమను. అలా వంగితే బరువు పాదాల మీదికొచ్చి మనిషి తనంతట తనే లేస్తాడు. నువ్వు లాగాల్సింది పెద్దగా ఉండదు, పడకుండా చూసుకుంటే చాలు. కూర్చున్నా పడుకున్నా ఆ చెయ్యి దిండు మీద ఉండాలి, గాల్లో వేలాడకూడదు. ఇప్పటికే భుజం నొప్పి అంటున్నారేమో అడుగు. అంటుంటే ఆ ఫిజియో గారిని ఇంకోసారి పిలిపించండి. ఎవరైనా వచ్చి పావురం రక్తం రాయమంటే మర్యాదగా కాఫీ ఇచ్చి పంపించెయ్యండి.

ఇక నీ ప్రశ్న. సూటిగా చెప్పేస్తాను. మన దేశంలో బీఎస్సీ జువాలజీ మీద ఎంపీటీ, అంటే ఫిజియోథెరపీలో పీజీ, చేయడం కుదరదు. ఎంపీటీకి ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీ చదివి ఉండాలి. రోజువారీ పనులు మళ్ళీ సొంతంగా చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీలో పీజీ ఎంఓటీకి ఆ డిగ్రీ బీఓటీ కావాలి. మాట, వినికిడి థెరపీల్లో ఎమ్మెస్సీకి వాటి డిగ్రీ బీఏఎస్ఎల్‌పీ కావాలి. కృత్రిమ కాళ్ళు, చేతులు, బ్రేసులు తయారుచేసే ప్రోస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్‌లోనూ అంతే. ఈ చదువులన్నిటికీ మన దగ్గర తలుపు ఇంటర్ పక్కనే ఉంది. డిగ్రీ అయ్యాక వెళ్ళి తడితే ఎవరూ తియ్యరు.

ఈ ముక్క కాలేజీలో ఎవరూ చెప్పరు. ఎందుకు చెప్పరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేనూ బీఎస్సీ ఏడాదిన్నర వెలగబెట్టినదాన్నే. “డిగ్రీ అవనీ, పీజీలో మారొచ్చులే” అని మా లెక్చరర్ ఒకాయన ధైర్యం చెప్పారు. అలా కుదరదని నాకు చెప్పింది మా ఊరి మందుల షాపతను! వాళ్ళ మేనల్లుడు బీపీటీ చదువుతున్నాడట. ఇంటికెళ్ళి ఏడ్చి, నాన్నతో మాట్లాడి, డిగ్రీ మానేసి బీపీటీలో చేరాను. నా క్లాసులో అందరూ నాకన్నా చిన్నవాళ్ళు. మొదటి ఏడాది అక్కా అక్కా అంటుంటే ఒళ్ళు మండేది. ఆ తర్వాత ఎనాటమీ రికార్డు బొమ్మలు వేయించుకోవడానికి నా చుట్టూనే తిరిగేవాళ్ళు.

కాబట్టి నీకు మూడు దారులున్నాయి. మూడూ ఒకేలాంటివి కావు, నేనూ సమానంగా చూపించను.

నా ఓటు మొదటిదానికి. రోగి ఒంటి మీద చెయ్యి వేసి పనిచేసే థెరపిస్టువే అవ్వాలని ఉంటే ఈ ఏడాది పరీక్షలు రాసేసి, బీపీటీకో బీఓటీకో బీఏఎస్ఎల్‌పీకో అప్లై చెయ్యి. నీ ఇంటర్ బైపీసీ మార్కులు ఎక్కడికీ పోలేదు. బీపీటీ నాలుగున్నరేళ్ళు అనేది పాత లెక్క, కొత్త పాఠ్యప్రణాళికలో ఇంటర్న్‌షిప్ ఏడాదికి పెరిగి మొత్తం ఐదేళ్ళు. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ కమిషన్ చట్టం తర్వాత ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపీ చదువుల నిబంధనలు మారుతున్నాయి. ప్రవేశాల పద్ధతి కూడా అందులో భాగమే. అందుకని పక్కింటి అక్క ఎలా చేరిందో విని ఊరుకోకు. మన రాష్ట్రంలో చేరాలంటే విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ ఈ ఏడాది ఇచ్చే నోటిఫికేషన్ నువ్వే చదువు. ఫిజిక్స్ పుస్తకం అటక మీద పెట్టేసి ఉంటే దింపు.

ఒక్క మన జిల్లాలే కాదు, కాస్త దూరం కూడా చూడు. ఒడిశాలో కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ ఉంది. రాజమండ్రిలో హౌరా వైపు రైలెక్కితే దారిలోనే కటక్. అక్కడా, కోల్‌కతాలోని జాతీయ సంస్థలోనూ, చెన్నై దగ్గర ముట్టుకాడులోని సంస్థలోనూ ఈ డిగ్రీలకి ఉమ్మడి ప్రవేశ పరీక్ష పెడుతూ వచ్చారు, ఈ ఏడాది ఎలాగో వాళ్ళ నోటిఫికేషన్‌లో చూడు. ఇవన్నీ కేంద్ర ప్రభుత్వానివి, ఫీజులు ప్రైవేటు కాలేజీలతో పోల్చేలా ఉండవు. మాట, వినికిడి వైపు మనసు పోతే మైసూరులో 1965 నుంచి నడుస్తున్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. మనకి దగ్గరలో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ముంబైలోని అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ సంస్థవారి ప్రాంతీయ కేంద్రం ఉంది.

వయసు గురించి మీ అమ్మగారు ఒక మాట అంటారు, నాకు తెలుసు. పెళ్ళి సంగతి మీరూ మీరూ చూసుకోండి, నేను కలగజేసుకోను. లెక్క మాత్రం చెబుతాను. ఇప్పుడు మారితే పాతికేళ్ళకి నీ చేతిలో పనిచేసుకోగల డిగ్రీ ఉంటుంది. క్లినిక్‌లో పనిచేయడానికి బీపీటీ చాలు. పాఠాలు చెప్పాలన్నా, న్యూరో, స్పోర్ట్స్, గుండె ఊపిరితిత్తుల లాంటి ఒక విభాగంలో లోతుకి వెళ్ళాలన్నా రెండేళ్ళ ఎంపీటీ. అది కొన్నాళ్ళు ఉద్యోగం చేశాక కూడా చేయొచ్చు. అలా చేసినవాళ్ళకే ఏ విభాగం తీసుకోవాలో తెలుస్తుందని నా అనుభవం.

అయితే “ఇంకో థెరపీలోగానీ” అని తేలిగ్గా రాసేశావు. ఆ ఇంకోటి ఏమిటో తెలుసుకోకుండా ఫారం నింపకు. మీ ఊళ్ళో కొబ్బరి చెట్టు మీంచి పడిన దింపు కార్మికుడు ఒకరైనా ఉండే ఉంటారు. కోనసీమలో నేను వెళ్ళిన ఊళ్ళలో అలాంటివాళ్ళు లేని ఊరు తక్కువ. వెన్నుపూస విరిగి రెండు కాళ్ళూ పోయాయనుకో. చేతుల్లో బలం పెంచి, మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మారడం నేర్పేది ఫిజియో. రెండు గంటలకోసారి ఒత్తిగిలించకపోతే పిరుదుల మీద పుండు పడుతుందని ఇంట్లోవాళ్ళ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేదీ ఫిజియోనే. ఆ కుర్చీ మీ స్నానాల గదిలోకి పడుతుందా, పడకపోతే గుమ్మం ఎంత వెడల్పు చేయాలి, కూర్చుని చేసే పని ఏది నేర్పితే మళ్ళీ నాలుగు డబ్బులు సంపాదిస్తాడు – ఇది ఆక్యుపేషనల్ థెరపిస్టు పని. కాళ్ళకి బ్రేసులు కొలత తీసి చేసేది ఆర్థోటిస్టు. రాత్రిళ్ళు నిద్రపోక “నన్నెందుకు బతికించారు” అని అడుగుతుంటే కూర్చుని వినాల్సింది సైకాలజిస్టు. సదరం క్యాంపుకి తీసుకెళ్ళి సర్టిఫికెట్, పింఛను చూసేది సోషల్ వర్కర్. మన దగ్గర నిజానికి ఈ ఐదు పనులూ చాలాసార్లు ఒక్క ఫిజియో నెత్తినే పడతాయి, అది వేరే కథ.

ఇందులో మనవాళ్ళకి బొత్తిగా తెలియనిది ఆక్యుపేషనల్ థెరపీ. బొంబాయిలో కమలా నింబ్కర్ ఈ శిక్షణ మొదలుపెట్టింది 1950లో. ఇన్నేళ్ళయినా ఆ పేరు వింటే మన జిల్లాల్లో “ఉద్యోగాలిప్పించేదా?” అని అడుగుతారు. నేను చూసింది ఒకటి చెబుతాను. కుడి పక్షం పడిపోయిన ఒక పెద్దావిడ తిండి మానేసింది. మింగడానికి ఇబ్బందేమీ లేదు. కోడలు తినిపిస్తే నామోషీ, ఎడం చేత్తో తినమంటే “ఎడం చేత్తో అన్నమా, చచ్చినా తినను” అంది. నేను భుజానికీ మోచేతికీ వ్యాయామాలు చేయించి, బాగానే చేయించానని సంతోషపడుతున్నాను. ఆక్యుపేషనల్ థెరపీ అమ్మాయి వచ్చి ఒక స్పూను కాడకి పాత చీరముక్క బొటనవేలంత లావున చుట్టింది. ఆవిడ కుడి చేతి వేళ్ళు ఆ లావుని పట్టుకోగలిగాయి. అన్నం, ముద్దపప్పు మెత్తగా కలిపి, అంచున్న గిన్నెలో పెట్టి, గిన్నె కింద తడిగుడ్డ వేసింది జారకుండా. మొదటి రోజు సగం చీర మీదే పడింది. నాలుగో రోజు ఆవిడ ఆవకాయ అడిగింది. ఆ పూట నేను నా ఎంపీటీని కాస్త తక్కువగా చూసుకున్నాను.

రెండో దారి మన దేశంలోనే, డిగ్రీ తర్వాత. బీఎస్సీ పూర్తి చేసి ఎమ్మే లేదా ఎమ్మెస్సీ సైకాలజీకి వెళ్ళొచ్చు. ఏ డిగ్రీ వాళ్ళనైనా తీసుకునే యూనివర్సిటీలు ఉన్నాయి. కానీ ఎమ్మే సైకాలజీ ఒక్కటి చదివితే క్లినికల్ సైకాలజిస్టు అయిపోరు. దానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన శిక్షణ వేరేగా ఉండాలి. ప్రత్యేక అవసరాల పిల్లలకి పాఠాలు చెప్పాలని ఉంటే స్పెషల్ ఎడ్యుకేషన్‌లో బీఈడీ ఉంది. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థలో కూడా నేర్పుతారు. ఆసుపత్రి సోషల్ వర్క్ కోసం ఎంఎస్‌డబ్ల్యూ. ఇవి మంచి చదువులే. నీ ఉత్తరంలో మాత్రం తాతయ్య నాలుగడుగులు వేయడం ఉంది, పాఠం చెప్పడం లేదు. అందుకే పైపైన చెప్పి వదిలేస్తున్నా.

ఆరు నెలల్లో, ఇంట్లో కూర్చుని, ఆదివారం క్లాసులతో ‘డిప్లొమా ఇన్ ఫిజియోథెరపీ’ అని బోర్డు కనిపిస్తే మాత్రం అటువైపు చూడకు. ఆ కాయితం పట్టుకుని జనానికి కరెంటు పెట్టేవాళ్ళు తయారవుతున్నారు. కరెంటు పెట్టించుకోవడమే ఫిజియోథెరపీ అని ఊళ్ళో అనుకోవడానికి సగం కారణం వాళ్ళే.

మూడోది నీ కన్సల్టెన్సీ దారి. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, సగం చెప్పారు. అమెరికాలో ఫిజియోథెరపీ డిగ్రీ తర్వాతి చదువే. ముందు ఏదో ఒక బ్యాచిలర్స్, దాని మీద మూడేళ్ళ డీపీటీ, అంటే డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ. ఆక్యుపేషనల్ థెరపీ, స్పీచ్ థెరపీ కూడా అక్కడ మాస్టర్స్ స్థాయిలోనే మొదలవుతాయి, ఆడియాలజీ అయితే డాక్టరేట్. బ్రిటన్‌లో సైన్స్ డిగ్రీ ఉన్నవాళ్ళకి రెండేళ్ళ ‘ప్రీ రిజిస్ట్రేషన్’ ఎమ్మెస్సీ ఉంది. కాబట్టి జువాలజీ అమ్మాయికి అక్కడ తలుపు ఉన్నమాట నిజం.

వాళ్ళు చెప్పని సగం ఇది. బ్రిటన్‌లో ఫిజియోథెరపీ పేరుతో ఎమ్మెస్సీలు రెండు రకాలు. ఒకటి ఇప్పుడు చెప్పిన ప్రీ రిజిస్ట్రేషన్. ఇందులో కనీసం 1000 గంటలు రోగుల మధ్య శిక్షణ ఉంటుంది, పాసయితే అక్కడ థెరపిస్టుల్ని నమోదు చేసే హెచ్‌సీపీసీ దగ్గర రిజిస్టరై పనిచేయొచ్చు. రెండోది ఇప్పటికే ఫిజియోలైనవాళ్ళ కోసం పెట్టిన ‘అడ్వాన్స్‌డ్’ ఎమ్మెస్సీ. అది చదివినా దానివల్ల లైసెన్స్ రాదు. ఇవికాక కైనీసియాలజీ (ఒంటి కదలికల శాస్త్రం), హెల్త్ సైన్స్, పబ్లిక్ హెల్త్ అని మాస్టర్స్ ఉంటాయి. వాటిలో ఏదీ నిన్ను థెరపిస్టుని చేయదు. సీటు తేలిగ్గా వచ్చేవి ఎక్కువగా ఇవే. కన్సల్టెన్సీకి వెళ్ళి ఒక్కటే అడుగు: “ఈ కోర్సు అయ్యాక ఆ దేశంలో రోగి మీద చెయ్యి వేయడానికి లైసెన్స్‌కి అర్హత వస్తుందా? వస్తుందని ఆ దేశంలో ఇలాంటి కోర్సుల్ని గుర్తించే సంస్థ జాబితాలో ఎక్కడుందో చూపించండి.” బ్రిటన్ అయితే హెచ్‌సీపీసీ జాబితా, అమెరికా ఫిజియోథెరపీ అయితే క్యాప్టీ జాబితా. రెండూ వెబ్‌సైట్లలో అందరికీ కనిపించేవే. కాఫీలు, బిస్కెట్లు ఇచ్చి మాట మారిస్తే లేచి వచ్చెయ్.

అమెరికా డీపీటీకి ఏం అడుగుతారో కూడా చెబుతాను, నువ్వు అడిగిన ‘ఇప్పటినుంచే తయారీ’ నిజంగా పనికొచ్చేది అక్కడే. హ్యూమన్ ఎనాటమీ, ఫిజియాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ – ల్యాబులతో సహా. స్టాటిస్టిక్స్, సైకాలజీ. కాలేజీని బట్టి ఇంకొకటో రెండో. ఫిజియోల దగ్గర కూర్చుని పని గమనించిన గంటల లెక్క చాలా కాలేజీలు అడుగుతాయి, ఒక ఫిజియో రాసిచ్చే సిఫారసు ఉత్తరం కూడా. నీ జువాలజీ సిలబస్‌లో జంతువుల ఫిజియాలజీ ఉంటుంది గానీ మనిషి ఎనాటమీ ల్యాబు ఉండదు, డీపీటీకి సరిపడే ఫిజిక్స్ అసలే ఉండదు. మూడేళ్ళ డిగ్రీని ఒప్పుకోని యూనివర్సిటీలు కూడా చాలానే. నీది ఆనర్స్ కాబట్టి నాలుగో ఏడాది చేయడం ఈ దారిలో మంచిది. ఇక ఖర్చు. మూడేళ్ళకి ట్యూషన్ ఒక్కటే లక్ష డాలర్లు దాటే కాలేజీలు బోలెడు. ఎకరం తోట ఏ మూలకి? మీ నాన్నగారి చేత బ్యాంకు కాయితాల మీద సంతకం పెట్టించే ముందు ఈ పేరా ఆయనకి చదివి వినిపించు. వీసా, ఉద్యోగం, రూపాయి విలువ – ఈ మూడింటిలో ఏదీ మన చేతిలో లేదు. ఇక్కడ బీపీటీ చేసి రెండేళ్ళు పనిచేశాక కూడా విదేశాలకి వెళ్ళే దారులున్నాయి. అప్పుడు ఆ దేశంలో సీటు దొరక్కపోయినా నీ చేతిలో ఒక వృత్తి ఉంటుంది.

సరే, ఏ దారైనా ఈ ఆర్నెల్లలో ఏం చేయాలి? వెళ్ళి చూడాలి. చూడకుండా ఫిజియోథెరపీలో చేరినవాళ్ళు రెండో ఏడాది వచ్చేసరికి ముఖాలు వేలాడేస్తారు, ఏటా చూస్తున్నాను. ఉమ్ము కారుతున్న మనిషి నోరు తుడవాలి, చెమట కంపు భరించాలి, అదే వ్యాయామం నలభయ్యోసారి నవ్వుతూ చేయించాలి. ఇది నీ ఒంటికి పడుతుందో లేదో పుస్తకం చెప్పదు.

మీ మండల కేంద్రంలో భవిత కేంద్రం ఉందేమో కనుక్కో. సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచేది. రోజూ ఉండే టీచర్లతో పాటు ఫిజియో కూడా నిర్ణీత రోజుల్లో వస్తుంటారు. ఇంకోటి, పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లోని డీఈఐసీ, అంటే ఎదుగుదల లోపాలున్న పిల్లలకి తొందరగా చికిత్స మొదలుపెట్టే జిల్లా కేంద్రం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వచ్చిన కేంద్రాలివి. ఫిజియో, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు, స్పెషల్ టీచర్ ఒకే చోట కనిపించాలంటే ఇదే చోటు. ముగ్గురు నలుగురి పనీ పక్కపక్కన చూస్తే నీకు ఏది కావాలో నెల తిరక్కుండా తెలిసిపోతుంది. మీ తాతయ్యకి చేయించిన ఫిజియో గారినీ అడుగు, వారానికి ఒకరోజు ఇళ్ళకి వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్తారేమోనని.

ఇళ్ళకి వెళ్ళడం ఎందుకంటున్నానో చెబుతాను. నేను ఇంటర్న్‌గా ఉన్నప్పుడు లంక గ్రామం నుంచి తొడ ఎముక విరిగిన పెద్దాయన ఒకరు వచ్చారు. ఆసుపత్రి నున్నటి గచ్చు మీద వాకర్‌తో నడక బ్రహ్మాండంగా నేర్పి పంపాను. నెల తర్వాత అటు వెళ్ళే పని పడి, పంటు దిగి ఆయన్ని చూద్దామని వెళ్ళాను. రేవు నుంచి ఇంటిదాకా మడమ లోతు ఇసుక. వాకర్ కాళ్ళు ఇసుకలో దిగబడిపోతాయి, ఎత్తితే తప్ప కదలదు. వాకర్ వసారాలో ఉంది. దాని మీద తువ్వాళ్ళు ఆరేసుకున్నారు. ఆయన మంచంలోనే ఉన్నాడు. “మీరు చెప్పినట్టే చేద్దావనుకున్నానండి, నేల ఒప్పుకోలేదండి” అన్నాడు పాపం, తప్పు తనదే అయినట్టు. అప్పటినుంచీ నేను ఎవరికైనా నడక నేర్పే ముందు వాళ్ళింటి వాకిలి ఎలా ఉంటుందో అడుగుతాను.

చూడ్డానికి వెళ్ళినప్పుడు పర్మిషన్ తీసుకో, రోగిని ముట్టుకోకు, ఫొటోలు తీయకు. ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టు. తేదీ, ఎన్ని గంటలు, ఏ సమస్య, ఏం చేయించారు, నీకు అర్థం కానిది ఏమిటి – ఇంతే రాయి. రోగి పేరు రాయకు. నెలాఖరుకి ఆ ఫిజియో చేత సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు వేయించుకో. విదేశాలకి వెళ్తే ఇదే నీ గంటల లెక్క. వెళ్ళకపోయినా బీపీటీ మొదటి ఏడాది ఎనాటమీ క్లాసులో ఒక్కో కండరం పేరు వినగానే నీకో మనిషి గుర్తొస్తాడు.

ఆ నోట్‌బుక్ వెనక పేజీల్లో రోగులు నొప్పిని ఏమని చెబుతారో రాసుకో. మనవాళ్ళు నొప్పి అని ఊరుకోరు. సలుపుతోంది, పోటు, మంట, తిమ్మిరి, పీకేస్తోంది, చీమలు పాకినట్టుంది, జివ్వున లాగేస్తోంది. “నడుంకాడ మొదలై పిక్కదాకా జివ్వున లాగేత్తందండి” అంటే నరం సంగతి చూడాలి. “పొద్దున్న లేవగానే పట్టేసినట్టుంటాదండి, నాలుగడుగులేత్తే సర్దుకుంటాది” అంటే కీలు వైపు అనుమానం పోవాలి. మా కాలేజీలో ఇవన్నీ ఇంగ్లీషులో నేర్పి పంపారు. రోగి భాష నేర్చుకోవడానికి నాకు ఇంకో రెండేళ్ళు పట్టింది. ఊళ్ళో పెరిగిన నీకు ఇది ముందే వచ్చు, ఊరికే రాసి పెట్టుకోవడమే. స్పీచ్ థెరపీ వైపు వెళ్తే దీని విలువ ఇంకా పెరుగుతుంది. ల, ళ తేడా చెవికి పట్టని వాళ్ళు తెలుగు పిల్లాడికి మాట ఏం నేర్పుతారు?

చదువు సంగతి. ఫిజిక్స్‌లో నీకు కావాల్సింది ముఖ్యంగా తులాదండం, బలాలు, గురుత్వ కేంద్రం. కావడి మోసేవాణ్ణి చూసే ఉంటావు, ఒక పక్క బుట్ట తీసేస్తే భుజం మీద బద్ద రెండోవైపు వాలిపోతుంది. తుంటి కీలు దగ్గర కూడా అదే లెక్క. మనం ఒక కాలి మీద నిలబడ్డ క్షణంలో ఒంటి బరువంతా ఒక పక్క బుట్ట, తుంటి పక్క కండరం రెండో బుట్ట. తుంటి నొప్పి ఉన్నవాళ్ళు కర్రని నొప్పి ఉన్న వైపు చేత్తో పట్టుకుంటారు, చూడు. పట్టాల్సింది ఎదుటి చేత్తో. అప్పుడు కర్ర ఒంటి బరువు బుట్టని కొంచెం ఎత్తిపడుతుంది, కండరానికి పని తగ్గుతుంది, కీలు మీద నొక్కుడూ తగ్గుతుంది. మీ ఊళ్ళో కర్రతో నడిచే పదిమందిని గమనించి, ఎంతమంది ఏ చేత్తో పట్టారో నోట్‌బుక్‌లో రాసి పంపు, నాకూ సరదాగా ఉంటుంది.

ఎనాటమీ ముందే బట్టీపట్టక్కర్లేదు. నీ ఒంటి మీదే ఎముకల గుర్తులు తడిమి పేరు పెట్టడం నేర్చుకో, అది చాలు. స్టాటిస్టిక్స్, సైకాలజీ స్వయం పోర్టల్‌లో ఉచితంగా వినొచ్చు, పరీక్ష రాస్తేనే ఫీజు. మీ కాలేజీ ఒప్పుకుంటే క్రెడిట్లు కూడా కలుస్తాయి.

భవిత కేంద్రానికి ఫోన్ చేసి ఫిజియో ఏ రోజు వస్తారో కనుక్కుని, ఆ రోజు పదింటికల్లా అక్కడ ఉండు. చుడీదార్ వేసుకుని వెళ్ళు, పిల్లలు నేల మీదే ఉంటారు, నువ్వూ నేల మీదే కూర్చోవాలి. అమ్మలు ఎత్తుకొచ్చిన పిల్లల్ని ఎలా పట్టుకున్నారో ముందు చూడు, ఫిజియో అందుకున్నాక ఎలా పట్టుకున్నారో తర్వాత చూడు.